లేని డిస్కుల తనిఖీ

సున్నాను కనిపెట్టింది మనవాళ్లేనని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. కనిపెట్టి ఊరుకున్నాం కూడా. ఆ సున్నాను పిలిచి, వరుసలో నిలబెట్టి, "నీ సీరియల్ నంబరెంత?" అని అడిగే స్థాయికి పరిపాలన ఎదగడానికి మాత్రం ఇన్ని శతాబ్దాలు పట్టింది. ఆ ఘనత మా వరంగల్‌లో, సుబేదారిలో, ఒక మేడ మీది ఆఫీసుకు దక్కింది. ఉన్నవాటిని లెక్కపెట్టే ఆఫీసులు లోకంలో చాలా ఉన్నాయి. లేనివాటిని తనిఖీ చేసే ఆఫీసు నాకు తెలిసి ఇదొక్కటే. దాని గురించి నాలుగు మాటలు రాయడం పౌరుడిగా నా బాధ్యత అనుకుంటున్నాను. (ఎప్పుడూ రాసే చోట కూర్చుని రాయలేకపోయాను. ఎందుకో చివర తెలుస్తుంది.)

మట్టెవాడలో బేతేలు నెట్ సెంటర్ అని ఒకటుంది. యజమానురాలు రాహేలు. యాభై దాటిన మనిషి. ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తుతుంది. లోపల పన్నెండు కంప్యూటర్లు. నెట్ సెంటర్లు అంతరించిపోయాయని అనుకునేవాళ్లు ఒక్కసారి వచ్చి చూడాలి. ఇక మీదట ఫోన్‌లోనే అయిపోతుందని పెద్దలు ప్రకటించిన ప్రతి పనికీ జనం వచ్చి నిలబడేది ఇక్కడే. హాల్ టికెట్లు, కౌన్సెలింగులు, కులం సర్టిఫికెట్లు, పింఛను కోసం ఇంకా బతికే ఉన్నామని ఏటా ఇచ్చుకునే రుజువులు. నేను ఏడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చుని వ్యాసాలు టైపు చేసుకుంటాను. ఇంట్లోనూ కంప్యూటర్ ఉంది. కానీ ఇంట్లో ఇంట్లోవాళ్లు కూడా ఉన్నారు.

ఆ పన్నెండు కంప్యూటర్లలోనూ ఒకప్పుడు పన్నెండు హార్డ్ డిస్కులుండేవి. కరెంటు పోయి వచ్చినప్పుడొకటి, వైరస్ వచ్చినప్పుడొకటి, ఏమీ రాకపోయినా ఒకటి, ఇలా ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతూ వచ్చాయి. చచ్చిన ప్రతి డిస్కు మీదా రాహేలు చిన్న కాగితం అంటించి, ఏ కంప్యూటర్‌దో, ఏ తేదీన పోయిందో రాసి అలమరలో పెట్టేది. అలమర నిండిన రోజున విన్సెంట్‌ను పిలిచింది. విన్సెంట్‌ది పరకాల. వరంగల్, హనుమకొండల్లో నెట్‌వర్కు పనులన్నీ అతనివే. ఆదివారం వాళ్ల ఊరి చర్చిలో కీబోర్డు వాయిస్తాడు.

"డిస్కులు తీసి పారేద్దామక్కా. ఇగ కొనొద్దు," అన్నాడు విన్సెంట్.

"డిస్కే లేకుంటే కంప్యూటర్ ఎట్ల నడుస్తది తమ్మీ?"

"బంతి భోజనం లెక్క నడుస్తది. వంట ఒక్క కాడనే గదా చేస్తరు? విస్తర్లు పన్నెండు. విస్తరి విస్తరిల పొయ్యి పెట్టుకుంటమా? వెనకర్రల ఒక్క సర్వర్ పెడుత. దాండ్ల ఒక్కటే మంచి డిస్కు. ఈడ స్విచ్చి వెయ్యంగనే ఏ కంప్యూటర్ కా కంప్యూటర్ ఆ వైరు పట్టుకోని పొయ్యి, ఆడికెల్లి వడ్డించుకుంటది."

"మరి వైరస్ వస్తే?"

"తిన్నంక విస్తరి పారేస్తం గదక్కా. బంద్ చేసి మల్ల చాలూ చేస్తే కొత్త విస్తరే. నిన్న ఎవడేం గలీజ్ చేసినా ఇయ్యాలకు యాదికుండది."

అట్లాగే జరిగింది. వెనక గదిలో ఒక సర్వర్, దాని ముందు సొరుగులా బయటికి లాగగలిగే ఒక డిస్కు, అక్కడి నుంచి పన్నెండు వైర్లు. మూడేళ్లుగా ఒక్క కంప్యూటర్‌కు కూడా జలుబు చేయలేదు. ఒక్కటే ఇబ్బంది. రాసింది పెన్ డ్రైవ్‌లో దాచుకోకపోతే కంప్యూటర్ ఆపగానే మాయమవుతుంది. నా వ్యాసాలు రెండు అలాగే పోయాయి. (నష్టం జరిగినట్టు పాఠకుల నుంచి ఫిర్యాదులేమీ రాలేదు.)

ఇంత సుఖంగా ఉన్న చోటికి ఆఫీసు రాకుండా ఎలా ఉంటుంది? ఈ సంవత్సరం 'అంతర్జాల కేంద్రముల డిస్కుల గుర్తింపు, నమోదు మరియు పర్యవేక్షణ విభాగము' పుట్టింది. బోర్డు మీద పేరు సగమే పట్టడంతో జనం డిస్కాఫీసు అంటున్నారు. నెట్ సెంటర్లలో నేరాలు జరుగుతున్నాయి, నేరాలు డిస్కుల్లో దాక్కుంటున్నాయి, కాబట్టి ప్రతి డిస్కుకూ లెక్క ఉండాలి అన్నది ఉద్దేశం. ఉద్దేశాలను మనం ఎప్పుడూ తప్పుపట్టకూడదు. నవంబరు ముప్పై సాయంత్రం ఐదు గంటల్లోగా డి-17 ఫారం నింపి, తనిఖీ పూర్తయి ఉండాలి. కాకపోతే షట్టర్‌కు సీలు. మళ్లీ దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చే నవంబరులోనే. అంటే పన్నెండు నెలలు దుకాణం బంద్. రాహేలు ఇంటికి ఆ దుకాణమే ఆధారం.

ఫారంలో మొదటి ఎనిమిది గడులు ఏ ఇబ్బందీ పెట్టలేదు. తొమ్మిదో గడి: 'హార్డ్ డిస్కు సంఖ్య.'

ఊళ్లో మిగతా నెట్ సెంటర్లవాళ్లు తొమ్మిదో గడిని క్షణంలో దాటేశారు. పెట్టె విప్పి చూసి నంబరు రాసే ఓపిక ఎవరికుంటుంది? ఒకాయన గ్యాస్ కనెక్షన్ నంబరు రాశాడు. ఒకాయన బామ్మర్ది ఫోన్ నంబరు రాశాడు. అందరి ఫారాలూ సజావుగా వెళ్లిపోయాయి. రాహేలు మాత్రం అక్కడ ఆగిపోయింది.

"ఏదో ఒక నంబర్ కొట్టరాదు," అన్నాను.

"లేని డిస్కుకు నంబర్ రాసుడంటే అబద్ధ సాక్ష్యమే గదన్నా. పదాజ్ఞలల్ల తొమ్మిదోది."

"మాకు ఎనిమిదోదక్కా," అన్నాడు విన్సెంట్, సర్వర్ వెనక నుంచి తల బయటపెట్టి. రాహేలు బాప్టిస్టు, విన్సెంట్ క్యాథలిక్. ఆజ్ఞలు పదే అయినా రెండు సంఘాలవాళ్లూ లెక్క ఒకే చోట మొదలుపెట్టరట.

"ఎనిమిదో తొమ్మిదో, అద్దంటే అద్దు," అంది రాహేలు. "ఈడ అబద్ధం రాసి రేపు మందిరంల ఎట్ల కూసుంట?"

అలా నిజం చెప్పాలన్న నిర్ణయం జరిగింది. ఈ కథలో జరిగిన తప్పు ఇదొక్కటే.

రాహేలు తొమ్మిదో గడిలో 'లేదు' అని కొట్టింది. 'అంకెలు మాత్రమే అనుమతించబడును' అంది వెబ్‌సైటు. ఖాళీగా వదిలితే 'ఈ గడి తప్పనిసరి' అంది. బాగా ఆలోచించి సున్నా కొట్టింది. లేని దానికి సున్నా అనడం అబద్ధం కాదు కదా. వెబ్‌సైటు ఆనందంగా తీసుకుంది. రెండో కంప్యూటర్‌కు కూడా సున్నా కొట్టగానే ఎర్ర అక్షరాలొచ్చాయి: 'ఈ డిస్కు ఇప్పటికే వేరొక కంప్యూటర్ నందు ఉన్నది.'

"ఉన్నదట తమ్మీ," అంది రాహేలు, భయంగా.

విన్సెంట్ చాలాసేపు గడ్డం గోక్కుని రెండు సున్నాలు కొట్టమన్నాడు. తీసుకుంది. మూడో దానికి మూడు. అలా పెరుగుతూ పన్నెండో కంప్యూటర్‌కు పన్నెండు సున్నాలు పడ్డాయి. గణిత శాస్త్రంలో వాటన్నిటి విలువా ఒకటే. డిస్కాఫీసులో అవి పన్నెండు వేర్వేరు ఆస్తులు. ఫారం అందినట్టు రసీదు కూడా వచ్చింది.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. 'తమరు పేర్కొనిన పన్నెండు డిస్కులను స్వయముగా హాజరుపరచవలెను.' ఆఫీసు తెలుగు నాకు వస్తుందని రాహేలు నన్నూ, విన్సెంట్‌నూ వెంటబెట్టుకుని సుబేదారికి బయలుదేరింది.

డిస్కు పరిశీలనాధికారి రాజేశ్వర్ రావు గారు. చెడ్డ మనిషి అయి ఉంటే ఈ వ్యాసం రాయడం ఎంతో సులువయ్యేది. కానీ ఆయన చాలా మంచివాడు. లేచి నిలబడి నమస్కారం పెట్టి, కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. ఆ తరువాతే అడిగాడు.

"డిస్కులు తెచ్చిండ్రామ్మా?"

"లేవు సార్."

"ఎప్పుడు పోయినయి?"

"పోలే సార్. లేవు."

"పోకుంట ఎట్ల లేకుంట అయితయమ్మా? ఒక వస్తువు లేదంటే, అది పోయిందన్నట్టే గద."

విన్సెంట్ ముందుకు జరిగి బంతి భోజనం గురించి మొత్తం వివరించాడు. రాజేశ్వర్ రావు గారు అద్దాలు తీసి, కళ్లు మూసుకుని, శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ బాబూ. నాకు సమజైంది. డిస్కులన్నీ వంటర్రల ఉన్నయన్నట్టు."

"ఒక్కటే ఉన్నది సార్."

"మరి తక్కిన పదకొండు?"

విన్సెంట్ చాయ్ తాగాడు.

ఆ ఆఫీసులో 'లేమి రిజిస్టర్' అని ఒకటుంది. లేనివాటిని అందులో రాస్తారు. లేకపోవడం మూడు విధాలని విభాగం తేల్చింది: పోయినవి, కాలినవి, దొంగిలించబడినవి. కాలిన వాటికి ఫైర్ స్టేషన్ నుంచి కాగితం తేవాలి. మిగతా రెండింటికీ పోలీస్ స్టేషన్ నుంచి. ఊరికే లేనివాటికి నాలుగో పేజీ లేదు. (ఉండి ఉంటే మా వీధిలో చాలామంది చాలా వస్తువులు నమోదు చేసుకునేవాళ్లు.)

"జర పోలీస్ స్టేషన్ కాగితం తెచ్చుకోండ్రమ్మా, మీ పని నేనే ముందల చేస్త," అని మెట్ల దాకా వచ్చి సాగనంపాడు.

స్టేషన్‌లో ఎస్సై రాహేలు చెప్పింది మొత్తం విన్నాడు.

"పోయినయా అమ్మా?"

"లే సార్."

"ఎవలన్న ఎత్తుకపోయిండ్రా?"

"లే సార్."

"మరి ఏమని రాసుకోవాలె?"

"ఏం పోలేదని రాయుండ్రి సార్."

"ఏం పోలేదని కేసు రాస్తే ఊరందరి పేరు మీద రాయాలెనమ్మా," అని ఆయన మర్యాదగా రిజిస్టర్ మూసేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా మాట్లాడిన ప్రభుత్వోద్యోగి ఈయనే. అందుకే ఈయన మళ్లీ కనిపించడు.

రెండోసారి సుబేదారికి వెళ్లాం. రాజేశ్వర్ రావు గారు లేచి నిలబడి నమస్కారం పెట్టి, కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, "చెప్పండ్రమ్మా, మీ పేరు?" అన్నాడు. బంతి భోజనం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మూడోసారి కూడా అదే నమస్కారం, అదే చాయ్, అదే "మీ పేరు?" అప్పుడు నాకు అర్థమైంది. మా విన్సెంట్ మూడేళ్ల కిందట చేసిన ఏర్పాటును మన ఆఫీసులు ఎప్పటి నుంచో నడుపుతున్నాయి. ఇక్కడ ఎవరి దగ్గరా సొంత డిస్కు లేదు. పొద్దున కుర్చీలో కూర్చోగానే పై నుంచి వచ్చింది వడ్డించుకుంటారు, సాయంత్రం లేవగానే విస్తరి పారేస్తారు. నిన్న మనం చెప్పుకున్న బాధ ఇవాళ్టికి ఉండదు. ఇలాంటి వ్యవస్థకు వైరస్ సోకదు. కనికరమూ సోకదు.

మూడోసారికి నవంబరు ఇరవై నాలుగు వచ్చేసింది. రాహేలు ముఖం పీక్కుపోయింది. దుకాణానికి వచ్చినవాళ్లు "ముప్పై దాటినంక సుత ఉంటవా అక్కా?" అని అడుగుతుంటే చూసి నాకు నిజంగా బాధేసింది. తొమ్మిదో గడిలో నా చెప్పుల నంబరైనా రాద్దామనిపించింది.

"సార్, ఆ రూల్ ఒకసారి సదువుండ్రి," అంది రాహేలు ఉన్నట్టుండి.

రాజేశ్వర్ రావు గారు పుస్తకం తెరిచి నాలుగో నిబంధన గట్టిగా చదివాడు. "ప్రతి కంప్యూటరు నందు ఒక డిస్కు అమర్చబడి ఉండవలెను. దాని సంఖ్య ఫారము నందు పేర్కొనబడవలెను."

"పనిచెయ్యాల్నా సార్?"

"ఏంది?"

"ఆ డిస్కు పనిచెయ్యాలె అని ఉన్నదా?"

ఆయన నిబంధన మళ్లీ చదివాడు. వెనక పేజీ తిప్పాడు. కింద చిన్న అక్షరాలు కూడా చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"లేదమ్మా. గట్ల ఎక్కడ లేదు. పెట్టి ఉంటే సాలు."

 తిరుగుదారిలో ఆటో హనుమకొండ చౌరస్తా దాటాక రాహేలు తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "డిస్కు ఉంటది. దాని మీద నంబర్ ఉంటది. ఆ నంబరే రాస్త. అది బతికి ఉన్నదని నేను అంటలేను గదన్నా."  తొమ్మిదో ఆజ్ఞను అంత జాగ్రత్తగా చదివినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

స్టేషన్ రోడ్డు వెనక రాజమౌళి పాత సామాన్ల దుకాణం. పాత కంప్యూటర్లన్నీ చివరికి చేరేది అక్కడికే.

"హార్డ్ డిస్కులు పన్నెండు కావాలె," అంది రాహేలు.

"మంచియి ఉన్నై అక్కా, నడిచేటియి."

"నడిచేటియి అద్దు. సచ్చినయి కావాలె."

రాజమౌళి చేతిలో ఉన్న సుత్తె కింద పెట్టాడు. "ఇరవై ఏండ్లాయె దుకాణం పెట్టి. సచ్చినయి కావాలె అని ఎవ్వలడగలే. నడిచేది తీసుకపోరాదు, అదే రేటుకిస్తా."

"వద్దన్నా. నడిచేది ఊకుండది," అన్నాడు విన్సెంట్. "సర్వర్ కాడికి పోనియ్యది. నేనున్న గదా అంటది. సచ్చిందైతే సప్పుడు జెయ్యది."

మూల నుంచి రాజమౌళి ఒక గోనెసంచి లాక్కొచ్చి బోర్లించాడు. రాహేలు వంగి ఒకటి చేతిలోకి తీసుకుంది. దాని మీద చిన్న కాగితం, తన చేతిరాతే: 'నాలుగో నంబర్. కరెంటు. జూన్ 9.' మూడేళ్ల కిందట అలమర ఖాళీ చేసి అమ్మేసిన ఆమె డిస్కులే అవి. పన్నెండూ దొరికాయి. ఇంటి నుంచి వెళ్లగొట్టిన వాళ్లను బతిమాలి తెచ్చుకున్నట్టు ఒక్కోదాన్నీ కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

విన్సెంట్ వాటిని ఏ కంప్యూటర్‌లోవి ఆ కంప్యూటర్‌లో పెట్టి నాలుగేసి స్క్రూలు బిగించాడు.  ఫారం సవరించారు, సున్నాలు పోయి అసలైన నంబర్లు వచ్చాయి. వెబ్‌సైటు ఒక్క మాట అనలేదు. తనిఖీ తేదీ నవంబరు ముప్పై, మధ్యాహ్నం మూడు గంటలు.

ఇక్కడ పదకొండో నిబంధన కూడా చెప్పాలి. తనిఖీ నివేదికను అధికారి ఆ కేంద్రంలోని కంప్యూటర్ నుంచే పంపాలి. ఇంట్లో కూర్చుని తనిఖీలు చేసే అధికారులు కొందరున్నారని కనిపెట్టి పెట్టిన నిబంధన. ఫోన్ నుంచి కుదరదు, పక్క దుకాణం నుంచి కుదరదు. మంచి నిబంధనే.

ముప్పయ్యో తేదీన రాజేశ్వర్ రావు గారు మూడింటికి రావలసింది నాలుగుంబావుకు వచ్చాడు. దుకాణం కిటకిటలాడుతోంది. మూడో నంబరు ముందు మొగిలమ్మ కూర్చుని ఉంది. మిల్లు కార్మికుడి భార్య. ఆయన పోయాక ఆ పింఛను ఈమెకు వస్తోంది. బతికే ఉన్నట్టు వేలిముద్ర పెట్టడానికి ఏటా నవంబరులో ఇక్కడికే వస్తుంది. మిర్చి ముచ్చికలు తుంచి తుంచి వేళ్లు అరిగిపోయాయి. యంత్రం నాలుగు వేళ్లను కాదంది. ఆమెకూ ఆ సాయంత్రం ఐదింటి వరకే గడువు.

రాజేశ్వర్ రావు గారు టార్చి వేసి ఒక్కో పెట్టెలోకి తొంగి చూశాడు. నంబరు చదివాడు, ఫారంతో పోల్చాడు, టిక్కు పెట్టాడు. పన్నెండు టిక్కులు.

"చానా మంచిగున్నదమ్మా. ఇంత పద్ధతిగ ఇంకెక్కడ చూడలే. ఒక్కటి సుత తప్పు పోలే." ఆయన గొంతులో నిజమైన గౌరవం ఉంది. రాహేలు కళ్లు తుడుచుకుంది. నేనూ వ్యవస్థ మీద రాయాలనుకున్న వ్యాసాన్ని మనసులోనే కొట్టేశాను.

అప్పుడాయన చేతులు కడుక్కోవడానికి వెనక గదిలోకి వెళ్లాడు.

"ఇదేందమ్మా?"

"సర్వర్ సార్," అంది రాహేలు.

"దీంట్ల ఈ సొరుగు లెక్క ఉన్నది?"

"డిస్కు సార్. అసలుది అదే. గిదాంతోనే అన్నీ నడుస్తయి," అన్నాడు విన్సెంట్ పరుగెత్తుకొచ్చి.

"పన్నెండు కంప్యూటర్లకు పదమూడు డిస్కులు. ఒకటి ఎక్కువున్నదమ్మా. ఫారంల లేదు."

"ఫారంల గిరాకీలు కూసునే కంప్యూటర్లే అడిగిండ్రు సార్," అంది రాహేలు.

"నేను అనేది సుత అదే. ఇది అడగంది. అడగంది ఉండొద్దు." ఆయన పుస్తకం తెరిచి ఆరో నిబంధన చదివాడు. సంఖ్యకు మించిన డిస్కు స్వాధీనపరచుకొనబడును. "ఫికర్ చెయ్యకుండ్రి. దీనికి మీ మీద కేసేం ఉండది. నేను తీసుకపోతే మీ లెక్క సాపవుతది."

"సార్, అదే దీని పానం," అన్నాడు విన్సెంట్.

"పానం అనే గడి ఫారంల లేదు బాబూ," అని రాజేశ్వర్ రావు గారు పిడి పట్టుకుని సొరుగు బయటికి లాగాడు. ఫోన్‌లో స్వాధీనం నమోదు చేశాడు. డిస్కును సంచిలో వేసుకుని జిప్పు లాగాడు.

సరిగ్గా అప్పుడే మొగిలమ్మ ఐదో వేలు యంత్రానికి నచ్చింది. తెర మీద 'ధ్రువీకరించబడుతున్నది' అని వచ్చి చిన్న చక్రం తిరగడం మొదలైంది. సగం తిరిగి ఆగిపోయింది. పన్నెండు తెరలూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏడో నంబరు మీద నా వాక్యం మధ్యలో నిలబడిపోయింది. విన్సెంట్ ఒక్కొక్కటీ ఆపి మళ్లీ వేశాడు. అన్నీ నల్లగా వచ్చాయి.

"బిడ్డా, చక్రం ఆగింది," అంది మొగిలమ్మ. "గిప్పుడు నేను ఉన్నట్టా, పోయినట్టా?"

"ఇంక తేలలే అవ్వా. జర కూసో," అంది రాహేలు.

రాజేశ్వర్ రావు గారు నివేదిక పంపడానికి ఒకటో నంబరు ముందు కూర్చున్నాడు. కాగితం మీద అంతా రాసి పెట్టుకున్నాడు, అంతా మెచ్చుకోలే. తెర మీద తెల్లటి అక్షరాలు మెరుస్తున్నాయి.

"ఇదేందమ్మా, డిస్కు దొరకలేదంటాంది?"

"డిస్కు మీ సంచిల ఉన్నది సార్."

ఆయన సంచి వైపు చూశాడు. తరువాత వరుసగా పన్నెండు పెట్టెల వైపూ చూశాడు. రాహేలు ధైర్యం చెడకూడదని ప్రేమగా అన్నాడు:

"సంచిల ఉన్నది ఒక్కటే గదమ్మా. నీ తాన ఇంక పన్నెండున్నై గద!"

నాకు ఒళ్లు మండిపోయింది. తిరిగి ఇచ్చేయండి, పది నిమిషాల్లో మీ నివేదిక పోతుంది అని అరిచాను. స్వాధీనం చేసుకున్న వస్తువును వాపసు ఇవ్వాలంటే వాపసు ఉత్తర్వు కావాలట. దాని దరఖాస్తును యజమాని తన కేంద్రంలోని కంప్యూటర్ నుంచే పంపాలట. ఈ రెండో 'అట' దగ్గర ఆయన గొంతు కూడా కొంచెం తగ్గింది. సర్వర్ నకలు ఇంకొకటి లేదా అని విన్సెంట్‌ను అడిగాను. ఉంది. పరకాలలో, వాళ్లింట్లో, బీరువాలో, భద్రంగా. గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. అతను అప్పటికే బైకు స్టార్టు చేస్తున్నాడు. గంట పైన ప్రయాణమని మా అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. అయినా పోయాడు.

ఐదు కొట్టింది. జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. రాహేలు ఏడవలేదు. పన్నెండు స్విచ్చులూ ఆపింది, ఫ్యాను ఆపింది. షట్టర్ దించింది. మొగిలమ్మ మెట్టు మీద కూర్చుని, యంత్రానికి నచ్చిన ఆ వేలిని చెడిపోకుండా రెండో చేత్తో పట్టుకుని ఉంది.

రాజేశ్వర్ రావు గారు సీలు చాలా బాధతో వేశాడు. మైనం వేలికి అంటి కాలింది కూడా. నోటీసు అంటించి, 'కారణం' అన్నచోట 'గడువులోగా తనిఖీ నివేదిక అందలేదు' అని రాశాడు. వెళ్లబోయి ఆగాడు. ఒక మంచి మనిషికి జరిగిన అన్యాయాన్ని చూసి ఊరుకోలేకపోయాడేమో, జేబులోంచి పెన్ను తీసి, నోటీసు అడుగున, నిబంధనల్లో ఎక్కడా లేకపోయినా, తన సొంతంగా ఒక వాక్యం కలిపాడు:

'డిస్కులు పన్నెండును సక్రమముగా ఉన్నవి.'